తొమ్మిదో నెలలో అరికాళ్ల దురద: అలర్జీ మాత్రతో సరిపెట్టుకోవద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 29 ఏళ్లు. మాది నెల్లూరు, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. తొలి కాన్పు, 35 వారాలు నిండాయి. రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఊరికే ఏడుపొస్తోంది. మా వారికి రాత్రి 11 దాకా ఆఫీసు కాల్సే. నేను ఏడిస్తే బిడ్డకు మంచిది కాదని అత్తయ్య అంటున్నారు, నిజమేనా? సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. అరచేతులు, అరికాళ్లు రాత్రయితే ఒకటే దురద. మెడికల్ షాపులో అడిగి పది రోజులుగా సిట్రిజిన్ వేసుకుంటున్నా. నేను కడుపులో ఉన్నప్పుడు అమ్మకూ ఇలాగే ఉండి, కాన్పయ్యాక పోయిందట. వచ్చే వారం రాత్రి బస్సులో పుట్టింటికి వెళ్లొచ్చా?
– ఓ పాఠకురాలు

సమాధానం: ఏడుపు, ప్రయాణం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ దురద ఏమిటో తేలాలి. పది రోజులు ఎలా ఊరుకున్నారమ్మా?

దద్దుర్లు ఉన్నాయో లేవో మీరు రాయలేదు. గోకితే పడిన గీతలు దద్దుర్లు కావు. దద్దుర్లేమీ లేకుండా, అరచేతుల్లో అరికాళ్లలో మొదలై, రాత్రిపూట పెరిగే దురద ఆఖరి నెలల్లో కనిపిస్తే మేం మొదట లివర్‌ను అనుమానిస్తాం. పైత్యరసం సాఫీగా పారక అందులోని బైల్ యాసిడ్స్ రక్తంలో పేరుకుంటాయి. దీన్ని కొలెస్టాసిస్ అంటారు. మిమ్మల్ని చూడకుండా మీకు అదేనని చెప్పలేను. చాలామందికి పొట్ట చర్మం సాగి దురద పెడుతుంది, కొబ్బరినూనె రాస్తే ఉపశమిస్తుంది. కానీ అమ్మకూ ఇలాగే ఉండేదన్న మాట మీకు ధైర్యమిచ్చినట్టుంది, నాకు మాత్రం అనుమానం పెంచింది. ఇది కొన్ని కుటుంబాల్లో తల్లికీ కూతురికీ కూడా వస్తుంది.

భయమంతా బిడ్డ గురించే. బైల్ యాసిడ్స్ కొద్దిగా పెరిగితే చాలామందికి కాన్పు మామూలుగానే అవుతుంది. లీటరుకు 100 మైక్రోమోల్స్ దాటితే మాత్రం బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు 36 వారాల దగ్గరే కాన్పు చేయాల్సి రావచ్చు. మీకు ఇప్పటికే 35 నిండాయి.

అందుకని ఇవాళే, కుదరకపోతే రేపు, మీ డాక్టర్‌ను కలిసి లివర్ పనితీరు తెలిపే ఎల్ఎఫ్‌టీ, రక్తంలో బైల్ యాసిడ్స్ ఎంతున్నాయో చెప్పే సీరం బైల్ యాసిడ్స్ పరీక్షలు చేయించుకోండి. పరగడుపున ఇవ్వాలేమోనని ఇంకో రోజు వాయిదా వేయకండి. ఒకసారి నార్మల్ వచ్చినా దురద తగ్గకపోతే వారం తర్వాత మళ్లీ చేయించాలి. మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా ఆ సంగతీ చెప్పండి.

సిట్రిజిన్ వల్ల బిడ్డకేదో అయిందని కంగారు పడకండి, గర్భిణులకు మేమూ రాస్తుంటాం. నా బాధ వేరు. దాంతో కాస్త మత్తు వస్తుంది, దురద అంతగా తెలియదు, లోపలిది లోపలే ఉంటుంది. షాపతను మీకెన్నో వారమని అడిగాడా? బీపీ చూశాడా? స్ట్రిప్పు కత్తిరించి చేతిలో పెట్టాడు, అంతేగా. నడుం నొప్పని వెళ్తే అదే కౌంటర్లో డైక్లోఫెనాకో, ఐబుప్రోఫెనో ఇస్తారు. ఈ నెలల్లో అవి ఉమ్మనీరు తగ్గించొచ్చు, బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం పుట్టకముందే మూసుకుపోయేలా చేయొచ్చు. ఓపీలో రోజూ చెప్పేదే ఇక్కడా చెబుతున్నా: నెలలు నిండుతున్నప్పుడు షాపులో అడిగి మాత్రలు వేసుకోవద్దు. నొప్పులు తొందరగా రావాలని ఆముదం తాగమని ఇంట్లో ఎవరైనా అన్నా వినొద్దు.

బిడ్డ కదలికల గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. తొమ్మిదో నెలలో చోటు చాలక బిడ్డ కదలదనే మాట తప్పు. తన్నడం తగ్గి దొర్లినట్టు అనిపించవచ్చు గానీ కదలికలు తగ్గకూడదు. భోంచేసి ఎడమ పక్కకు తిరిగి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కూడా రాకపోయినా, రోజూ ఉండేదానికంటే తగ్గినట్టు అనిపించినా, ఏ వేళైనా సరే ఆసుపత్రికి వెళ్లండి. బాగా కదులుతోంది కదా అని రక్తపరీక్ష మాత్రం మానకండి.

పాదాల వాపు సాయంత్రం వచ్చి పొద్దునకు తగ్గుతుంటే సాధారణమే. ముఖం, చేతులు ఉబ్బినా, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, బీపీ 140/90కి చేరినా అది వేరే కథ, ఆగొద్దు. ఒక కాలే వాచి పిక్క నొప్పెడితే అదీ చూపించాలి.

ఇక ఏడుపు. నిద్ర లేని ఒళ్లు, కాన్పు భయం, మాట్లాడేవాళ్లు లేని ఇల్లు, ఏడుపు రాకుండా ఎలా ఉంటుంది? ఏడ్చినంత మాత్రాన బిడ్డకు హాని జరగదని అత్తయ్యగారికి చెప్పండి. కానీ రోజంతా దిగులుగా ఉండి, దేని మీదా మనసు పోక రెండు వారాలు దాటితే దాన్ని టెన్షన్ అని కొట్టిపారేయకూడదు. చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే చెప్పాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీరుంటున్న బెంగళూరులోనే నిమ్హాన్స్ మానసిక వైద్యశాల ఉంది, గర్భిణులకూ బాలింతలకూ అక్కడ ప్రత్యేకంగా చూస్తారు.

ప్రయాణం: రిపోర్టులు వచ్చి, మీ డాక్టర్ సరేననే దాకా బస్సెక్కొద్దు. దారిలో కదలికలు తగ్గితే అర్ధరాత్రి హైవే మీద ఏం చేస్తారు? అమ్మనే ఇక్కడికి రమ్మనండి. డాక్టర్ వెళ్లడానికి ఒప్పుకున్నా, నెల్లూరులో కాన్పు ఎవరు చేస్తారో ముందే మాట్లాడుకుని ఫైలు, స్కాన్లు, తాయి కార్డు (కర్ణాటకలో గర్భిణులకిచ్చే కార్డు) వెంట ఉంచుకోండి. ల్యాబ్‌కు మీ వారినీ తీసుకెళ్లండి, ఒక్క పూట కాల్స్ మానితే ఏమీ కాదు.