టీసీ అడిగే ముందు మీ ఆయన్ని అడగండి

ప్రశ్న: మాది గాజువాక. మా బాబు ఎనిమిదో తరగతి. సంక్రాంతి సెలవుల తర్వాత కడుపునొప్పి అంటూ తరచూ బడి మానేస్తున్నాడు. స్కూల్లో సోషల్ వర్కర్ మేడమ్ వాణ్ని కూర్చోబెట్టి అడిగితే, నాకూ మా ఆయనకూ మాటల్లేవని చెప్పేశాడు. ఆవిడ ఇంటికి కూడా వచ్చారు. ఇంటి గుట్టు రచ్చకెక్కించాడని అత్తయ్య ఒకటే గోల. కోపంలో రెండు దెబ్బలేసి, ఇంకెవరికీ చెప్పనని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను. ఆడపడుచు పెళ్లికి మా ఆయన నన్నడక్కుండా నా బంగారం తాకట్టు పెట్టారు. అప్పటి నుంచి ఏడాదిగా ఆయనతో మాట్లాడటం మానేశాను. ఏమైనా ఉంటే బాబు చేత చెప్పిస్తాను. ఆవిడ మీద ప్రిన్సిపాల్‌కి కంప్లైంట్ ఇవ్వాలా? టీసీ తీసుకుని వేరే స్కూల్లో వేయాలా?

జవాబు: రెండూ వద్దమ్మా. ఏ స్కూలుకి మార్చినా వాడు సాయంత్రానికి ఆ ఇంటికే కదా రావాలి.

‘ఏమైనా ఉంటే బాబు చేత చెప్పిస్తాను’ అని మామూలుగా రాసేశారు. నాన్నని అన్నానికి రమ్మను. గ్యాస్ అయిపోయిందని చెప్పు. కరెంటు బిల్లు కట్టారేమో కనుక్కో. ఏడాదిగా ఇవన్నీ మోస్తున్నది వాడే. మీరు విసురుగా అన్నది మెత్తగా మార్చి ఆయనకి చెబుతాడు. ఆయన కసిరితే అది మింగేసి మీ దగ్గరకొస్తాడు. మొగుడూ పెళ్లాల మధ్య పెద్దమనిషి పని ఆ వయసు పిల్లాడు చేస్తున్నాడు. తను బడికెళ్తే ఇంట్లో ఏమవుతుందోనన్న టెన్షన్‌తో పిల్లలకి నిజంగానే కడుపునొప్పి వస్తుంది, నాటకమనుకోకండి. ఒకసారి పిల్లల డాక్టరుకీ చూపించండి.

ఇక ఆ మేడమ్ సంగతి. పిల్లాడు బడికి రాకపోతే, ఉన్నట్టుండి చదువులో వెనకబడితే, ఎవరితోనూ కలవకపోతే కారణం కనుక్కోవడం ఆవిడ పని. ఇంటికెళ్లి చూడటం, టీచర్లకీ తల్లిదండ్రులకీ మధ్య మాట కుదర్చడం, అవసరమైతే డాక్టరు దగ్గరికో శిశు సంక్షేమ కమిటీకో పంపడం కూడా ఆ ఉద్యోగంలోవే. మన ఆంధ్రా యూనివర్సిటీలోనే దీనికి ఎమ్మెస్‌డబ్ల్యూ అని సోషల్ వర్క్‌లో పీజీ చదువు ఉంది. పిల్లలు చెప్పింది పదిమందిలో పెట్టకూడదన్నది వాళ్ల వృత్తి నియమం. పిల్లల ప్రాణానికి ముప్పుంటే మాత్రం దాచకూడదు. లైంగిక వేధింపులని తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష ఉంది. మీ ఇంట్లో అలాంటిదేమీ కనబడలేదు కనుకే ఆవిడ నేరుగా మీ గుమ్మానికొచ్చారు. ముందు ఫోన్ చేసి రావాల్సిందనిపిస్తే ఆ మాట ఆవిడతోనే అనండి.

నాకు భయమేసింది ఆ ఒట్టు గురించి. రేపు ఆటోలోనో ట్యూషన్‌లోనో ఎవరైనా వాడితో చెడుగా ప్రవర్తిస్తే ఎవరికి చెప్పుకుంటాడు? చెబితే దెబ్బలు పడతాయని మీరే నేర్పారు. ఇవాళే వాణ్ని దగ్గర కూర్చోబెట్టుకుని, కొట్టడం నా తప్పు, నువ్వు మేడమ్‌కి చెప్పి మంచిపనే చేశావు అనండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు కూడా కంఠతా పట్టించండి.

మీ కోపంలో న్యాయం ఉంది. మీ పుట్టింటివాళ్లు పెట్టినదైనా, పెళ్లిలో మీకు వచ్చినదైనా ఆ బంగారం మీది. అడక్కుండా తాకట్టు పెట్టే హక్కు భర్తకి లేదు. కోడలి నగలతో కూతురి పెళ్లి జరిగినప్పుడు లేని పరువు బెంగ అత్తయ్యగారికి ఇప్పుడు పుట్టిందంటే, ఆ మాటకి విలువ ఇవ్వనక్కర్లేదు. కానీ ఆత్మగౌరవం ఉన్న మనిషి లెక్క అడగాలి. మీరు మాట మానేసి ఆయనకి మేలే చేశారు. జవాబు చెప్పే పని లేకుండా ఏడాది గడిపేశారాయన.

ఆయనకి సెలవున్న రోజు, బాబు ఇంట్లో లేని వేళ చూసి ఎదురుగా కూర్చోండి. ఎంతకి పెట్టారు, వడ్డీ కడుతున్నారా, ఎప్పటికి విడిపిస్తారు? ఈ మూడూ అడగండి. తాకట్టు రసీదు చూపించమనండి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి మేడమ్‌ని టైమ్ అడిగి స్కూలుకెళ్లండి. ఆయన రానంటే మీరొక్కరైనా ఈ వారంలోనే వెళ్లండి.