రాకెట్ ఎత్తు గురించి రాసిన తమ్ముడికి

తమ్మీ,

"రాకెట్ ఎంత శక్తిమంతమైతే అంత ఎత్తు, అది దేశం ఆశయమంత ఎత్తు" అని నువ్వు పంపిన వ్యాసంలో రాశావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. శ్రీహరికోటలో జనం కేకలు రాసిన తీరు బాగుంది, సరే. కానీ మన ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ ఎత్తు 44 మీటర్లు, బరువు 320 టన్నులు. చంద్రయాన్-3ని మోసిన ఇస్రో పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3 బరువు 640 టన్నులు, ఎత్తు మాత్రం 43.5 మీటర్లే. బరువు రెట్టింపు, ఎత్తులో కాస్త పొట్టి! ఇంత మంచి విషయం చేతిలో ఉంటే ఆశయం గోల ఎందుకు?

ఆ బరువంతా ఎటు పోయిందని అడగాలి కదా. పక్కలకు పోయింది. ఎల్‌వీఎం3 మధ్యలో 4 మీటర్ల వెడల్పున్న కోర్, అంటే నడిమి భాగం, దానికి అటూ ఇటూ పైకి లేవడానికి తోపునిచ్చే 3.2 మీటర్ల బూస్టర్లు. పైనున్న క్రయోజెనిక్ దశలో, అంటే అతి చల్లటి ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌లతో నడిచే దశలో, పట్టేది 28 టన్నులే, అయినా వెడల్పు 4 మీటర్లు. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో 138 టన్నుల ఘన ఇంధనం 2.8 మీటర్ల వెడల్పులోనే సర్దుకుంటుంది. ద్రవ హైడ్రోజన్ లీటరుకు 70 గ్రాములే తూగుతుంది, కిరోసిన్ 800 గ్రాముల దాకా ఉంటుంది, అందుకని హైడ్రోజన్‌కు ట్యాంకు పెద్దది కావాల్సిందే. పోనీ సన్నగా పొడుగ్గా చేద్దామంటే పైగాలులకు వంగుతుంది, లావు చేస్తే గాలి అడ్డుకుంటుంది.

ఇంకోటి, దారి. నేను కొత్తగా రాసే రోజుల్లో కాజీపేటలో కిరాయి రూంలో ఉండేవాణ్ణి. ఒక రాత్రి రామగుండం వైపు పోయే పెద్ద ట్రేలర్ రోడ్డంతా ఆపేసింది, మనుషులు ముందు నడుస్తూ కర్రలతో కరెంటు తీగలు ఎత్తుతున్నారు, నేను చాయ్ పట్టుకొని తెల్లారేదాకా చూశాను. మనుషుల్ని చంద్రుడి మీదికి పంపిన అమెరికా రాకెట్ సాటర్న్-5 పది మీటర్ల వెడల్పు ఎలా అయిందో నాకు అప్పుడు పట్టింది: దాని కింది దశలను పడవల మీద తెచ్చారు. రోడ్డు మీద వచ్చే స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్-9 వెడల్పు 3.7 మీటర్ల దగ్గరే ఆగింది, పెరగాల్సిందంతా నిలువునా పెరిగి 70 మీటర్లయింది. సాటర్న్ సంగతి రాసిస్తే ఆదివారం పేజీ ఎడిటర్ ఒకాయన పడవల పేరా మొత్తం కొట్టేసి "మానవ మేధకు ప్రతీక" అని తన వాక్యం ఇరికించాడు. డబ్బులు కూడా ఇవ్వలేదు. ఇప్పటివాళ్లు ఇంకా నయం, రాకెట్‌కు ఒక ముద్దుపేరు తగిలించి ఊరుకుంటున్నారు.

కలం పేరు, ఏ పత్రికకు పంపాలి, ఇవన్నీ తర్వాత. ముందు ఆశయం గోల ఉన్న ఆ మూడో పేరా తీసేయ్. ఎల్‌వీఎం3 తల వెడల్పు 5 మీటర్లు, ఒళ్లు 4 మీటర్లు, అదెందుకో లోపల కూర్చునే ఉపగ్రహం దగ్గర మొదలుపెట్టి రాయి. ఈసారి చేతిరాత ఫొటోలు వద్దు, టైప్ చేసి పంపు, నా కళ్లజోడుకు అవి అందడం లేదు.