ఐదు లక్షల కెమెరా కొనిపెట్టాలా, వద్దా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకమ్మ అడిగారు. వాళ్ళబ్బాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, స్పోర్ట్స్ ఫోటోగ్రాఫర్ అవుతానంటున్నాడంట, సెకండుకి 120 ఫోటోలు తీసే సోనీ ఏ9 త్రీ కావాలని పట్టుబట్టాడు, ఐదు లక్షల పైనే అంటున్నాడు, వాళ్ళ నాన్నగారు చీటీ పాడి అయినా కొందామా అని ఆలోచిస్తున్నారంట.

అమ్మా, చీటీ ఇప్పుడే పాడొద్దు. వాడి ఇష్టం నిజమైనదే అనుకుంటున్నా, కాకపోతే వాడు అడుగుతున్నది మూడో మెట్టు మీద వస్తువు.

మీవాడితో ఒక చిన్న లెక్క వేయించండి. 140 కిలోమీటర్ల స్పీడుతో వచ్చే బాల్ సెకండుకి దాదాపు 39 మీటర్లు పోతుంది, అంటే సెకండుకి 20 ఫోటోలు తీసే కెమెరాలో ఒక ఫోటోకీ ఇంకో ఫోటోకీ మధ్య బాల్ రెండు మీటర్లు జరిగిపోతుంది, 120 తీసేదాంట్లో కూడా జానెడు పైనే జరుగుతుంది. బ్యాట్‌కి బాల్ తగిలే ఆ క్షణం దొరకాలంటే బౌలర్ చెయ్యి చూసి ముందే వేలు నొక్కడం రావాలి. అది కొంటే రాదు, ఎండలో నిలబడితేనే వస్తుంది. ఇక బాల్ చెదరకుండా రావాలంటే చూడాల్సింది షట్టర్ స్పీడు, అంటే షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉంటుందో అది, సెకండులో 1/1000 వంతు తెరిస్తే బాల్ దాదాపు నాలుగు సెంటీమీటర్లు సాగుతుంది, 1/4000లో ఒక్క సెంటీమీటరే, ఈ 1/4000 మామూలు సెకండ్‌హ్యాండ్ బాడీల్లో (లెన్సు లేకుండా కెమెరా ఒక్కటే) కూడా చాలావాటికి ఉంటుంది.

వాడు అడుగుతున్న కెమెరాలో ఉండే గ్లోబల్ షట్టర్ గొప్పదే, కాదనను. మామూలు ఎలక్ట్రానిక్ షట్టర్ ఫోటోని పైనుంచి కిందకి వరసగా చదువుతుంది కాబట్టి ఊపుతున్న బ్యాట్ అరటిపండులా వంగినట్టు పడుతుంది, 2023లో ప్రకటించిన ఈ కెమెరా మొత్తం ఒకేసారి చదువుతుంది. అయితే మామూలు కెమెరాల్లో ఉండే మెకానికల్ షట్టర్‌తో, అంటే నిజంగా కదిలే తెరతో తీస్తే ఆ వంపు దాదాపు కనపడదు.

నాలుగేళ్ళ కింద నా దగ్గరికొచ్చిన విజయవాడ కుర్రాడు ఒకడు ఉన్నదంతా బాడీ మీద పెట్టేశాడు, లెన్సుకి డబ్బుల్లేవు, బౌండరీ బయట నుంచి తీస్తే బ్యాట్స్‌మన్ చీమంత. ఆ కుర్రాడి మొహం నాకింకా గుర్తుంది. అందుకే సెకండ్‌హ్యాండ్ బాడీ, దూరంగా ఉన్నది దగ్గరగా చూపించే మంచి టెలిఫోటో లెన్సు, ఇంతే చాలు, లెన్సు కూడా ముందు రెండు రోజులు అద్దెకి తెచ్చి చూడండి. ఉప్పలపాడు మీకు పక్కనే, గూడబాతులు చెరువులో దిగేటప్పుడు 1/2000లో తియ్యమనండి, ఆదివారాలు బీఆర్ స్టేడియంలో పిల్లల మ్యాచ్‌లు.

చదువు మాత్రం ఆపొద్దు. హైదరాబాద్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో ఫోటోగ్రఫీతో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది, నాలుగేళ్ళు, ఎంట్రన్స్ రాయాలి, మన ఏపీ పిల్లలకి సీట్ల రూల్స్ ఈ ఏడు ఎలా ఉన్నాయో నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఇంకో దారి ఎవరూ చెప్పరు, ఎంపీసీ పిల్లాడు కాబట్టి చెప్తున్నా, కార్ల క్రాష్ టెస్టుల్లో సెకండుకి వెయ్యి ఫ్రేములు తీసే కెమెరాలు వాడతారు, పుణెలో బండ్లని పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ లాంటి చోట్ల జరిగే పని అది, మెకానికల్ గానీ ఈసీఈ గానీ చదివినవాళ్ళకి ఈ కెమెరా పిచ్చి తోడైతే అక్కడ బాగా పనికొస్తుంది.

పరీక్షలయ్యాక మూడు నెలలు తీయనివ్వండి, బాగా వచ్చినవి ఇరవై, చెడినవి ఇరవై పట్టుకుని వాణ్ణి నా దగ్గరికి తీసుకురండి, చెడినవి ఎందుకు చెడాయో వాడే చెప్పగలిగితే కెమెరా సంగతి అప్పుడు నాన్నగారితో నేనే మాట్లాడతా.