ముక్క పంపిన తర్వాత పది రోజులు

ప్రశ్న: నా వయసు 41 ఏళ్ళు. మేము రెండు తరాల కిందట శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రాయగడలో స్థిరపడిన తెలుగువాళ్ళం. ఎడమ రొమ్ములో ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలితే మావారు విశాఖపట్నం తీసుకువెళ్ళారు. అక్కడ మామోగ్రామ్, స్కానింగు చేసి, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. పది రోజుల్లో రిపోర్టు వస్తుందన్నారు. ఇప్పటికి ఆరు రోజులయింది. స్కానింగు కాగితం మీద ‘బైరాడ్స్ 4ఏ’ అని ఉంటే నాలుగో స్టేజీ అనుకొని నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. గడ్డను సూదితో కదిలిస్తే ఒళ్ళంతా పాకుతుందని పక్కింటావిడ అంటోంది. మావారు “ఏమీ ఉండదులే” అని మాట తప్పిస్తున్నారు. స్నానం చేసేటప్పుడల్లా గడ్డను తడిమి చూసుకుంటున్నాను. రాత్రి మూడు గంటలకు మెలకువ వస్తే స్టేషనులో ఆగి కదిలే గూడ్సు బండ్లను లెక్కపెడుతూ తెల్లవారుస్తున్నాను. మజ్జి గౌరమ్మకు మొక్కుకున్నాను. అత్తగారికీ, పదో తరగతి చదివే మా అమ్మాయికీ ఏమీ చెప్పలేదు. ఈ నాలుగు రోజులు ఎలా గడపాలి?
— పేరు ప్రచురించవద్దని కోరిన సోదరి, రాయగడ

జవాబు: అమ్మా, పత్రిక అచ్చయ్యేసరికి మీ రిపోర్టు వచ్చే ఉంటుంది కనుక మీకు విడిగా ముందే జవాబు రాశాము. ఇదే ఎదురుచూపులో ఉన్న మిగతావారి కోసం ఆ జవాబును ఇక్కడ ఇస్తున్నాము.

అన్నిటికన్నా ముందు ఆ ‘4ఏ’ సంగతి తేల్చుకుందాం. అది స్టేజీ కాదు. స్టేజీ అనే మాట క్యాన్సరు అని రుజువైన తర్వాత పుట్టేది. బైరాడ్స్ అంకె మాత్రం స్కానింగు చూసిన డాక్టరు తన అనుమానం ఎంతో చెప్పుకొనే కొలత. ఇందులో 4 అంటే ముక్క తీసి చూడదగినది అని అర్థం. ఆ 4 లోనే ఏ, బీ, సీ అని మూడు మెట్లున్నాయి. మీకు రాసిన 4ఏ వాటిలో అన్నిటికన్నా కింది మెట్టు. ఆ మెట్టులో క్యాన్సరు తేలే అవకాశం నూటికి రెండుకు పైన, పదికి లోపల ఉంటుంది. అంటే ఇదే మాట రాయించుకున్న వందమందిలో కనీసం తొంభై మందికి అది క్యాన్సరు కాదు. ఫైబ్రోఅడినోమాలు అనే క్యాన్సరు కాని గట్టి గడ్డలు, నీటితిత్తులు, నెలసరి హార్మోన్ల వల్ల గట్టిపడే కండ వంటివి రొమ్ములో తరచుగా కనిపించే గడ్డలే. మిగిలిన ఆ కొద్ది అవకాశం సున్నా అని మాత్రం నేను చెప్పను. అది సున్నా అయితే మీకు సూదే పెట్టరు.

ఇక పక్కింటావిడ మాట. రాచపుండును కదపకూడదన్న పాత భయమే ఇలా సూది మీదికి వచ్చింది. రొమ్ము గడ్డను సూదితో పరీక్షించడం వల్ల జబ్బు ఒళ్ళంతా పాకదు. వైద్యులు ధైర్యంగా వాడే పద్ధతి ఇది. సూది పెట్టినచోట కమిలి నల్లబడటం, ముట్టుకుంటే నొప్పి ఉండటం మామూలే, వారం రెండు వారాల్లో తగ్గిపోతాయి. జ్వరం వచ్చినా, చీము కారినా, వాపు రోజురోజుకూ పెరుగుతున్నా మాత్రం రిపోర్టు కోసం ఆగకుండా వెంటనే డాక్టరుకు ఫోను చేయండి.

ఈ పది రోజులూ మీ ముక్క ఎక్కడుందో తెలిస్తే మనసు కొంత కుదుటపడుతుందని నా అనుభవం. తీసిన వెంటనే దాన్ని ఫార్మలిన్ ద్రవంలో వేస్తారు. రొమ్ము ముక్క అందులో కనీసం 6 గంటలు, ఎక్కువలో ఎక్కువ 72 గంటలు నానాలి. ఆ తర్వాత అందులోని నీరు తీసేసి, కరిగిన మైనం ఎక్కించి, గట్టిపడిన మైనపు దిమ్మను యంత్రం మీద పెట్టి, తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పొరలుగా కోస్తారు. ఆ పొర గోరువెచ్చని నీటి మీద తేలుతూ ముడతలు విప్పుకుంటే దాన్ని గాజుపలక మీదికి ఎత్తి, ఊదా, గులాబి రంగులు అద్ది, సూక్ష్మదర్శిని కింద పెడతారు. ఇందులో ఏ ఒక్క పనినీ తొందరపెట్టలేము. సందేహం వస్తే ఆ ముక్కను చూసే డాక్టరు (పాథాలజిస్టు) మరికొన్ని పొరలు కోయిస్తారు, ప్రత్యేక రంగులు వేయిస్తారు, అందుకు ఇంకొన్ని రోజులు పడతాయి. ఆలస్యమైందంటే చెడ్డ వార్తేనని అనుకోనక్కరలేదు. పదకొండో రోజుకూ రాకపోతే రసీదు మీది నంబరు చెప్పి ల్యాబుకు ఫోను చేయించండి. ఒకవేళ అది క్యాన్సరే అయినా, ఈ వారం పది రోజుల ఎదురుచూపు వల్ల చికిత్స చేజారిపోదు.

తడిమి చూసుకోవడం మాత్రం మానాలి. సూది పడిన కండ వాచి ఉంటుంది కనుక ఈ రోజుల్లో గడ్డ ఒక పూట పెద్దదిగా, మరో పూట చిన్నదిగా తోస్తుంది. రోజుకు పదిసార్లు నొక్కితే నొప్పి పెరుగుతుంది, ఆ నొప్పే కొత్త భయానికి సాక్ష్యమవుతుంది. భయాన్ని తరిమేయమని మీకు చెప్పను, ఎవరు చెప్పినా నమ్మకండి. దానికి ఒక వేళ కేటాయించండి: సాయంత్రం దీపం పెట్టిన తర్వాత ఇరవై నిమిషాలు, ఒక నోటుపుస్తకం. వచ్చిన ఆలోచనలన్నీ అందులో రాసి, డాక్టరును అడగవలసిన వాటి పక్కన గుర్తు పెట్టుకోండి. రాత్రి మూడు గంటలకు అవే తిరిగి వస్తే రేపటి సాయంత్రానికి వాయిదా వేయండి. మొదట్లో ఇది పనిచేయకపోవచ్చు, అలవాటయ్యాక కొంత పనిచేస్తుంది. మెలకువ వచ్చినప్పుడు ఊపిరి నెమ్మదిగా పీల్చి, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదలండి. బండ్లకు బదులు ఊపిరిని లెక్కపెట్టండి. మందుల దుకాణంలో అడిగి నిద్రమాత్ర తెచ్చుకోవద్దు. మొక్కు మీ నమ్మకం, దాన్ని నేను ముట్టుకోను.

మీవారి “ఏమీ ఉండదులే” కూడా భయమే, మరో గొంతుతో. ఆయనకు చేయడానికి ఒక పని అప్పగించండి. నా ఉద్దేశంలో అది ఇది: రిపోర్టు వాట్సాప్‌లో రాత్రి తొమ్మిదికి వచ్చినా ఇంట్లో ఎవరూ తెరవకూడదు, ఆ ఇంగ్లీషు మాటలను ఇంటర్నెట్‌లో వెతకకూడదు; డాక్టరు ఎదుట ఇద్దరూ కూర్చుని వినాలి. ఆ రోజుకు బండి టికెట్లు ఆయన ఇప్పుడే చూసిపెట్టాలి.

అమ్మాయికి చెప్పండి. ఆ వయసు పిల్లలు గుసగుసలను మనకన్నా బాగా వింటారు, విన్నదాన్ని మనకన్నా ఘోరంగా ఊహించుకుంటారు. “గడ్డ ఉంది, పరీక్షకు పంపారు, తెలిసిన రోజే నీకు చెబుతాను” అన్న మూడు మాటలు చాలు. అత్తగారి విషయం మీ ఇష్టం; వంటిల్లు పంచుకునే మనిషయితే చెప్పడం మేలు, ఊరంతా చెప్పే మనిషయితే ఆగవచ్చు.

ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేనప్పుడు, తిండి నిద్ర పూర్తిగా పోయినప్పుడు, బతకాలని లేదనిపించినప్పుడు 14416 కు ఫోను చేయండి. అది మనసు బాధలు చెప్పుకోవడానికి 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘టెలి మానస్’ ఫోను సేవ. పగలూ రాత్రీ ఉచితం, ఒడియాతో పాటు తెలుగులోనూ మాట్లాడతారు. బజారులో ఒడియాతోనో హిందీతోనో పని గడిచిపోతుంది గానీ, మీరు నాకు రాసిన ఈ భయం తెలుగులోనే ఉంది కదా.

రిపోర్టు రోజున డాక్టరును ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: “స్కానింగులో కనిపించినదానికీ ముక్క పరీక్షలో తేలినదానికీ పొంతన కుదిరిందా?” కుదరకపోయినా, తీసిన ముక్క చాలకపోయినా మళ్ళీ సూది పెట్టవచ్చు. క్యాన్సరు కాదని తేలినా మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలో అడిగి లేవండి. పాత ఫిల్ములు, రసీదు, ఆరోగ్య కార్డు, ఆ నోటుపుస్తకం ముందురోజు రాత్రే ఒకే సంచిలో పెట్టుకోండి. డాక్టరు చెబుతున్నప్పుడు మీరు వినండి, రాయడం మీవారి పని.