పథకాలు సిద్ధాంతాల నుంచి పుడతాయా, ఓట్ల నుంచా? కరువు పని కొలిచిన మనిషి జవాబు

మీ ప్రశ్న ఇది: మన దేశంలో పెద్ద ప్రభుత్వ పథకాలు నిజంగా రాజకీయ సిద్ధాంతాల నుంచి పుడతాయా, లేక ఓట్ల లెక్క ముందు వేసుకుని సిద్ధాంతాన్ని తర్వాత అతికిస్తారా?

అన్ని పథకాల గురించీ చెప్పేంత చదువు నాకు లేదు. ఒక్కదాని గురించి చెబుతాను, దాని ఉప్పు తిన్నదాన్ని కనుక. సివిల్ డిప్లొమా అయ్యాక 2007 నుంచి ఆరేళ్లు అనంతపురం జిల్లాలో ఒక మండలంలో ఉపాధి హామీ టెక్నికల్ అసిస్టెంటుగా పనిచేశాను. చేతిలో టేపు, సంచిలో కొలతల పుస్తకం, నెత్తిన తడి తువ్వాలు. కూలీలు తవ్విన గుంతల పొడవు, వెడల్పు, లోతు కొలిచి రాయడం నా ఉద్యోగం.

మా వైపు జనం దాన్ని ఇప్పటికీ ఉపాధి హామీ అనరు, కరువు పని అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ కరువొస్తే చెరువుకట్టకో రోడ్డుకో మట్టి మోయించి ఇంత కూలి ఇవ్వడం ఉంది. పని పెట్టాలా వద్దా, ఎప్పుడు ఆపాలి అన్నది మాత్రం పైవాళ్ల దయ. స్వాతంత్ర్యం వచ్చాకా చాలాకాలం అదే తీరు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, 2002లో, పనికి ఆహారం పథకం కింద మా ఊరి చెరువులో పూడిక తీశారు. పగలు పదిమంది పారలు పట్టుకుని కనిపించేవారు. రాత్రి పొక్లెయిన్ వచ్చేది. మిద్దె మీద పడుకుంటే దాని లైట్లు పిట్టగోడ మీద తిరుగుతుండేవి. బియ్యం మాత్రం ఊళ్లో సగం మంది పేర్ల మీద దిగాయి. వేలిముద్ర వేయమని మా ఇంటికీ వస్తే నాన్న తిట్టి పంపాడు.

2005 ఉపాధి హామీ చట్టంలో కాంట్రాక్టర్లు ఉండకూడదని, కూలీల పనిని మింగేసే యంత్రాలు దింపకూడదని రాసి ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణలో అది చదివినప్పుడు ఆ వాక్యం ఎందుకు వచ్చిందో నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

అసలు ఈ ఆలోచన ఢిల్లీలో పుట్టింది కాదు. మహారాష్ట్రలో విఠల్ సఖారాం పాగే అనే గాంధేయవాది ఉండేవారు, శాసనమండలి అధ్యక్షుడు. అడిగిన ప్రతి మనిషికీ పని చూపించడం ప్రభుత్వ బాధ్యత అని 1960లలోనే పట్టుబట్టి, సాంగ్లీ జిల్లా తాస్‌గావ్‌లో చిన్నగా చేయించి చూశారు. 1972-73లో ఆ రాష్ట్రంలో ఘోరమైన కరువు వచ్చింది. 1973 వేసవిలో ఒక దశలో దాదాపు 50 లక్షల మంది కరువు పనుల్లో ఉన్నారంటే ఊహించుకోండి. ఆ తర్వాత 1977లో అక్కడ ఉపాధి హామీ చట్టం చేశారు. డబ్బు ఎక్కడిది? పట్టణాల్లో జీతగాళ్ల మీద వృత్తి పన్ను వేశారు. ముంబైలో గుమాస్తా కట్టిన పన్నుతో మరాఠ్వాడాలో చెక్ డ్యాము. ఇది సోషలిజమా, సర్వోదయమా, కాంగ్రెస్ రాజకీయమా అంటే అన్నీ కొంచెం కొంచెం. ఊళ్లలో పని దొరికితే పట్నం మీద పడే జనం తగ్గుతారని పన్ను కట్టేవాళ్లకూ, తమ పొలాల పక్కన నీటి గుంటలు పడతాయని పెద్ద రైతులకూ ఎవరి లెక్క వాళ్లకు ఉంది. సిద్ధాంతం ఒక్కటే ఉంటే అది పాగే గారి దస్త్రంలోనే ఉండిపోయేది. లెక్కలే ఉంటే, కరువు తీరిన రోజే పనులూ ఆగిపోయేవి.

2004లో కేంద్రంలో జరిగిందీ ఇంచుమించు ఇలాంటిదే, కాకపోతే గొడవ ఎక్కువ. వామపక్షాలకు దాదాపు 60 సీట్లు, కాంగ్రెస్ కూటమి ప్రభుత్వం వాళ్ల మద్దతు మీద నిలబడింది. ఉమ్మడి కార్యక్రమంలో వంద రోజుల పని హామీ రాసుకున్నారు. అంతకుముందే రాజస్థాన్ నుంచి సామాజిక కార్యకర్త అరుణా రాయ్ లాంటి వాళ్లు, ఆర్థికవేత్త జాన్ డ్రెజ్ లాంటి వాళ్లు దాని కోసం తిరుగుతున్నారు. గోదాముల్లో గింజలు మూలుగుతుంటే జనం పస్తులుండడం ఏమిటని 2001లో సుప్రీంకోర్టులో వేసిన ఆహార హక్కు కేసు నడుస్తోంది. అయినా 2004 డిసెంబరులో వచ్చిన మొదటి బిల్లు పేద కుటుంబాలకే పరిమితం. ఎక్కడ, ఎన్నాళ్లు అమలు చేయాలో ప్రభుత్వం తన చేతిలోనే పెట్టుకుంది. అంటే మళ్లీ కరువు పనే, కాస్త మంచి బట్టలు కట్టుకుని వచ్చింది.

బిల్లును పరిశీలించిన పార్లమెంటు స్థాయీ సంఘానికి అధ్యక్షుడు ఎవరో తెలుసా? బీజేపీ నాయకుడు కల్యాణ్ సింగ్. పేదలకే అని గిరి గీయకండి, గ్రామీణ కుటుంబాలన్నిటికీ ఇవ్వండి అని చెప్పింది ఆ సంఘమే. ఎర్రజెండా వాళ్ల కోరికను కాషాయ జెండా నాయకుడి సంఘం బలపరిచింది. 2005 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించిన చట్టంలో గ్రామంలో ఉండే ఏ కుటుంబమైనా అడగవచ్చు, ప్రభుత్వం తనకు తోచినప్పుడు ఆపడానికి లేదు. 2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ దీన్ని ప్రారంభించారు. మొదట 200 జిల్లాలు, 2008 ఏప్రిల్ నుంచి దేశమంతా.

ఇంతవరకు పెద్దవాళ్ల సంగతి. నా మటుకు సిద్ధాంతం కనిపించింది ఒక చిన్న రసీదు దగ్గర.

2005 చట్టం ప్రకారం పని కావాలని దరఖాస్తు ఇస్తే తేదీ వేసిన రసీదు ఇవ్వాలి. ఆ తేదీ నుంచి 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. ఇందులో తిరకాసు చూడండి. పని పెడితే కూలి మొత్తం కేంద్రం ఇచ్చేది. పని పెట్టకపోతే భృతి రాష్ట్రం కట్టాల్సి ఉండేది. రాష్ట్రం బద్ధకించకుండా పని పెట్టేలా చేయడానికి బుర్రపెట్టి బిగించిన మర ఇది. దీన్ని ఊడదీయడానికి ఆట్టే కష్టపడనక్కర్లేదు, రసీదు ఇవ్వకపోతే చాలు. తేదీ లేదు కనుక ఆలస్యం లేదు, ఆలస్యం లేదు కనుక భృతీ లేదు. రసీదు పుస్తకాలు బీరువాలో ఉండనివ్వమని నేను చేరిన మొదటి వారంలోనే నాకు చెప్పారు. నేనూ ఉండనిచ్చాను. హక్కు అనే పెద్ద మాటను ఆ బీరువాలో పెట్టి తాళం వేసిన వాళ్లలో నేనూ ఒకదాన్నని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

రసీదు కోసం గట్టిగా నిలబడిన మనుషులు ఆ ఆరేళ్లలో నాకు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే తగిలారు. వాళ్లలో ఒకడు మా నాన్న. ఆ కథకు వస్తాను.

మాకు నాలుగెకరాల మెట్ట, వేరుశనగ వేసేవాళ్లం. నాన్న కుర్రతనంలో ఎర్రజెండా పట్టుకుని తిరిగినవాడు. ఇంట్లో లెనిన్ పటం పక్కనే వెంకటేశ్వరస్వామి పటం ఉండేది, ఇద్దరికీ ఒకే అగరుబత్తి. భూమి దున్నేవాడిదని, శ్రమకు తగ్గ కూలి దక్కాలని అరుగు మీద కూర్చుని గంటలు గంటలు చెప్పేవాడు. ఉపాధి హామీ వచ్చిన రెండో ఏడు కలుపు తీతకు మనుషులు దొరకలేదు. అప్పటిదాకా ఆడకూలి 40 రూపాయలు. నా దగ్గర గుంత తవ్వితే, కొలత సరిపోతే, ఆడా మగా తేడా లేకుండా 80. ఎవరు వస్తారు? ఆ రాత్రి నాన్న కంచం ముందు కూర్చుని నన్ను అడిగిన మాట: "మీ సర్కారు మా కూలీలను ఎత్తుకుపోతే మేం పంట ఎట్లా తీయాలి?" నాకు నవ్వు, కోపం రెండూ వచ్చాయి. "నువ్వు చెప్పిందే కదా నాన్నా చట్టంలో రాశారు," అన్నాను. ఆయన చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

చివరికి కలుపు కూలి 70 చేశాడు. పెంచాక మనుషులు వచ్చారు.

కొలతల్లోనూ న్యాయం తేలిగ్గా లేదు. పనికి తగ్గ కూలి అన్నది వినడానికి బాగుంటుంది. మా మొరం నేలలో గడ్డపార వేస్తే నిప్పులు లేచేవి. ఒక పెద్దావిడ తవ్విన గుంత లోతు కొలుస్తుంటే, "పాపా, గుంతలో ఎంత దిగిందో చూస్తావు గానీ, నా చేతిలో ఎంత లేచిందో చూడవా?" అని అరచెయ్యి చాపింది. బొబ్బలు పగిలి ఉన్నాయి. ఆ వారం ఆమె గుంపుకు పడింది రోజుకు 52 రూపాయలు. తర్వాత మన రాష్ట్రంలో మనుషులు నిజంగా ఎంత సేపట్లో ఎంత తవ్వగలరో చూసి రేట్లు మార్చారు, ఎండాకాలంలో అదనపు శాతం కలిపారు, మే నెలలో 30 దాకా. సిద్ధాంతం గురించి మాట్లాడేవాళ్లు ఈ రేట్ల పట్టిక ఒకసారి చదవాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. రోజుకు ఎన్ని గంపల మట్టి ఎత్తితే మనిషి బతకవచ్చు అన్నది అందులోనే తేలుస్తారు.

సామాజిక తనిఖీ, అంటే చేసిన పనుల లెక్కలను ఊరి జనం ముందే సరిచూడడం, దాని సంగతి ఒక్క ముక్క. ప్రజావేదికలో మైకులో నా పేరే చదివారు: రికార్డులో లోతు మీటరు, తనిఖీలో అరమీటరు. వాన పడి మేట వేసిందని ఎంత చెప్పినా నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది. ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే, నేను కొలిచినవాళ్లు తిరిగి నన్ను కొలిచారు, అంతే.

2012లో నాన్న రసీదు అడిగాడు. అప్పటికి చిన్న, సన్నకారు రైతుల పొలాల్లోనూ పనులు చేయవచ్చని నిబంధన మారింది. మామిడి మొక్కలకు గుంతలు తవ్వించుకోవడానికి ఆయన అర్జీ పట్టుకుని ఆఫీసుకొచ్చి, నేను పక్క బల్ల దగ్గర ఉన్నా నా వైపు చూడకుండా, "తేదీ వేసి రసీదు ఇవ్వండి" అని నిలబడ్డాడు. ఇచ్చేదాకా కదల్లేదు. ఆ రోజు బీరువా తాళం తీశారు.

ఇక ఢిల్లీలో ప్రభుత్వం మారింది. 2015లో ప్రధాని మోదీ లోక్‌సభలో ఈ పథకాన్ని కాంగ్రెస్ వైఫల్యాలకు సజీవ స్మారకం అన్నారు, మేళతాళాలతో కొనసాగిస్తానని కూడా అన్నారు. ఎగతాళే అనుకోండి. 2020లో లాక్‌డౌన్ వచ్చి, బెంగళూరు మేస్త్రీ పనుల నుంచి మా ఊరి కుర్రాళ్లు మూటలతో నడిచి వచ్చినప్పుడు అదే ప్రభుత్వం బడ్జెట్లో పెట్టిన 61,500 కోట్లకు మరో 40,000 కోట్లు కలిపింది. వేరే దారి సిద్ధంగా లేదు, ఇది ఉంది. ఎవరు కట్టారన్నది ఆ రోజు ఎవరికీ గుర్తురాలేదు.

2025 డిసెంబరులో పార్లమెంటు దీని స్థానంలో వికసిత్ భారత్ పేరుతో వేరే చట్టం చేసింది. వంద రోజులు 125 అయ్యాయి, చట్టం పేరులో ఉన్న గాంధీ పేరు పోయింది. టీవీల్లో కొట్లాటంతా పేరు మీదే. నా కళ్లు పాత అలవాటు కొద్దీ చిన్న అక్షరాల మీదికి పోయాయి. ఖర్చులో చాలా రాష్ట్రాలు 40 శాతం పెట్టుకోవాలి. ఏ రాష్ట్రానికి ఎంత అన్నది కేంద్రం ముందే తేలుస్తుంది. విత్తనం, కోతల కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపవచ్చు. పేరు కన్నా ఈ మూడు ముక్కల్లోనే సిద్ధాంతం ఎక్కువ ఉందని నా అభిప్రాయం. రోజులు పెరిగినా, అడిగినవాడి చేతిలో ఉన్న తాళంచెవి మళ్లీ పైకి పోయిందనే నాకు అనిపిస్తోంది. మీరు వేరేలా అనుకోవచ్చు.

ఆ 60 రోజుల సంగతి నాన్నకు చదివి వినిపించాను. ఇప్పుడాయన మామిడి చెట్ల కింద మంచం వేసుకుని ఉంటున్నాడు. "నేను కంచం ముందు అన్నమాట ఢిల్లీ చేరడానికి ఇన్నేళ్లు పట్టిందన్నమాట," అన్నాడు. సంతోషించాడో లేదో ముఖం చూసి చెప్పలేకపోయాను. కాసేపాగి అడిగాడు:

"రసీదు ఉంచారా, తీసేశారా?"

ఇంకా అక్కడిదాకా చదవలేదన్నాను.