కళ్లు లేని రోబోకి పని నేర్పడమెలా?

ప్ర: కార్ల ఫ్యాక్టరీలో 1961లోనే రోబో పనిచేసిందట. అప్పటికి మైక్రోప్రాసెసరే లేదు కదా, ఎలా నడిచింది? – ఐటీఐ విద్యార్థి, వరంగల్

జ: అది యూనిమేట్. జార్జ్ డెవోల్ 1954లో పేటెంట్‌కు దరఖాస్తు చేస్తే 1961లో వచ్చింది. జోసెఫ్ ఎంగెల్‌బర్గర్ కంపెనీ పెట్టి దాన్ని ఫ్యాక్టరీలకు అమ్మాడు. తొలి యంత్రం న్యూజెర్సీలో ట్రెంటన్ దగ్గరి జనరల్ మోటార్స్ ప్లాంటులో డై కాస్టింగ్ మెషిన్ (కరిగిన లోహాన్ని డై అనే అచ్చులోకి ఒత్తి భాగాలు చేసేది) పక్కన నిలబడింది. వేడి, పొగ, చెయ్యి కాలే ప్రమాదం సరే. అసలు సంగతి, డై తెరుచుకున్న ప్రతిసారీ పీసు ఒకే చోట ఉంటుంది. కళ్లు లేని యంత్రానికి అంతకన్నా అనువైన పని లేదు.

జ్ఞాపకమంతా తిరిగే మాగ్నెటిక్ డ్రమ్ములో ఉండేది. ఆపరేటర్ రోబో చేతిని బటన్లతో ఒక్కో స్థానానికి నడిపి రికార్డు నొక్కేవాడు. జాయింట్ల ఎన్‌కోడర్లు (జాయింటు ఏ స్థానంలో ఉందో అంకెల్లో చెప్పేవి) ఆ క్షణాన చూపే అంకెలు డ్రమ్ము మీద పడేవి. పని మొదలయ్యాక డ్రమ్ములోని అంకెకూ ఎన్‌కోడర్ అంకెకూ తేడా ఉన్నంతసేపూ సర్వో వాల్వ్ (ఆయిల్‌ను అదుపు చేసే వాల్వ్) ఆయిల్ వదులుతుంది, ఆ ఒత్తిడితో చెయ్యి కదులుతుంది. తేడా పోయిందా, తర్వాతి స్టెప్పు. పెద్ద తెలివేమీ కాదు, నేర్పింది నేర్పినట్టు అప్పజెప్పడమే.

చిక్కులూ అక్కడే. పీసు డైలోనే ఇరుక్కుపోతే రోబోకి తెలియదు, ఉత్త చేత్తోనే మిగతా స్టెప్పులు పూర్తిచేస్తుంది. ఆ డై మూసుకుని మళ్లీ లోహం పోస్తే డై పాడవుతుంది. అందుకే పీసు చేతికొచ్చిందని లిమిట్ స్విచ్ (వస్తువు తగిలితే నొక్కుకునే స్విచ్) చెప్పాకే డై మూసుకోవాలి. చెయ్యి బయటికొచ్చేదాకా మూసుకోకుండా ఇంకో ఇంటర్‌లాక్ (ఒకటి పూర్తికానిదే ఇంకోటి జరగనివ్వని ఏర్పాటు) ఉండాలి, లేదంటే పీసును పట్టుకునే గ్రిప్పర్ నుజ్జే.

ప్ర: మోటార్లు పెట్టకుండా హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో నడపడం) ఎందుకు?

జ: బరువులు ఎత్తడం కోసం. ఆ సైజులో అంత బలమిచ్చే మోటార్లు అప్పట్లో లేవు. ఆయిల్‌తో బాధలు మాత్రం తక్కువ కాదు: చల్లగా ఉంటే చిక్కబడి కదలిక మందగిస్తుంది, సీలు పోతే కారుతుంది, కారింది వేడి డై మీద పడితే మంట. స్వీడన్‌లో అసియా కంపెనీ 1974లో ఇచ్చిన ఐఆర్‌బీ 6 పూర్తిగా మోటార్లతో, ఇంటెల్ మైక్రోప్రాసెసర్‌తో నడిచింది. కానీ అది మోసేది 6 కిలోలే. బరువైన స్పాట్ వెల్డింగ్ గన్ను (రేకులను చుక్కలు చుక్కలుగా అతికించేది) మోయడం దాని వల్ల కాదు. 1969లో ఒహాయోలోని లార్డ్స్‌టౌన్ ప్లాంటులో కార్ బాడీలకు వెల్డింగ్ చేసినవి హైడ్రాలిక్ యూనిమేట్లే.