ఇరవై మంది ఆరుగురైనప్పుడు

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. మీ సంఘంలో పురుషుల సహవాసం బాధ్యత నీకు అప్పగించారని, మొదటి నెల ఇరవై మంది వస్తే ఇప్పుడు ఆరుగురే మిగిలారని దిగులుగా రాశావు. ఆ ఆరుగురిని తక్కువగా చూడకు. నన్నడిగితే అసలు పని ఇప్పుడే మొదలవుతుంది.

మన మగవాళ్లతో ఒక చిక్కుంది. కుర్చీలు మోయమంటే పరుగెత్తుకొస్తాం. "ఎలా ఉన్నావు?" అంటే మాత్రం "దేవుని కృప, బాగున్నాను" అనేసి తప్పుకుంటాం. ఉద్యోగం పోయినవాడిదీ అదే మాట, ఇంట్లో భార్యతో మాటల్లేనివాడిదీ అదే మాట. అందుకే నీ కూడికలో ఇంకో ప్రసంగం పెట్టకు. ముగ్గురేసి కూర్చోబెట్టు. ముందు నువ్వే నీ బలహీనత ఒకటి చెప్పు. నాయకుడు దాచుకుంటే అందరూ దాచుకుంటారు. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ 1738లో చిన్న గుంపులకు నియమాలు రాసినప్పుడు, వారానికొకసారి కలిసి, గత కూడిక తర్వాత తెలిసి చేసిన పాపమేమిటో ఒకరినొకరు అడగాలని పెట్టాడు. అక్కడ విన్నది అక్కడే ఉండాలి. ప్రార్థన అంశం పేరుతో కూడా బయటికి పోకూడదు. ఒక్కసారి పోయిందా, మళ్లీ ఎవరూ నోరు తెరవరు.

మనుషుల తీరులు కలవడం లేదని కంగారుపడకు. పన్నులు వసూలు చేసే సుంకరి మత్తయినీ, జెలోతే, అంటే పరాయి పాలనను సహించనివాడు, అనిపించుకున్న సీమోనునూ ప్రభువు ఒకే పన్నెండుమంది శిష్యుల్లో పెట్టాడు.

ఇక, ఉత్తరం చివర ఒక్క వాక్యంలో నువ్వు దాటేసిన సంగతి. లెక్కల దగ్గర మాటామాటా పెరిగి ఒక సహోదరుడు రావడం మానేశాడన్నావు. నాకు అన్నిటికంటే అదే పెద్దదిగా కనిపించింది.

నీ వయసులో నేనూ, నా స్నేహితుడూ సంఘ భవనం లెక్కల మీదే తగువు పడ్డాం. ఒక రసీదు ఏదని ఆయన అడిగాడు. నన్ను అనుమానించాడని నేను పట్టుకున్నాను. నాలుగేళ్లు మాటల్లేవు. ప్రభువు బల్ల నాడు రొట్టె, ద్రాక్షారసం ఇద్దరమూ పంచేవాళ్లమే. పళ్లెం ఆయన చేతికి అందించేవాణ్ని, కానీ నా చూపు పళ్లెం అంచు దాటి పైకి లేచేది కాదు. తర్వాత ఆయన తండ్రి ప్రభువు నందు నిద్రించారు. సమాధుల దగ్గర వెనక వరుసలో నిలబడ్డాను. ఆయనే నడిచి వచ్చి, గుప్పెడు మన్ను నా చేతిలో పెట్టి, "నాన్న నీ గురించి అడుగుతూ ఉండేవారు" అన్నాడు. నాలుగేళ్లూ ఆ పెద్దాయన అడుగుతూనే ఉన్నారు, నేను గడప తొక్కలేదు. ఆ మన్ను తడి ఇప్పటికీ నా అరచేతికి గుర్తుంది.

కలిసి సువార్త ప్రకటించిన పౌలు, బర్నబాలే విడిపోయారు కదా అని నీకు ఎవరైనా చెబుతారు. నిజమే, ఒకసారి మధ్యలో వదిలి వెళ్లిన మార్కును మళ్లీ వెంట తీసుకెళ్లడానికి పౌలు ఒప్పుకోక, వాదం ముదిరి వేరయ్యారు. బర్నబా మార్కును వెంటబెట్టుకుని కుప్రకు వెళ్లాడు. అక్కడితో చదవడం ఆపేస్తే ఎలా? చెరసాలలో చివరి రోజుల్లో పౌలు ఎవరిని తీసుకురమ్మని తన శిష్యుడు తిమోతికి రాశాడో చూడు. ఆ మార్కునే.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన వరుస ముందు ఒంటరిగా వెళ్లమని, తర్వాత ఒకరిద్దరితో, ఆ తర్వాతే సంఘానికి చెప్పమని. మనం దాన్ని తలకిందులు చేస్తాం. కాపరికి చెబుతాం, కమిటీకి చెబుతాం, ఆ మనిషికి తప్ప అందరికీ చెబుతాం. నువ్వు ఒక్కడివే వెళ్లు. లెక్కల పుస్తకం తీసుకెళ్లకు. "నీ మనసు నొప్పించి ఉంటే క్షమించు" అనకు. నొప్పించావు. అలాగే చెప్పు. ఆయన కోపంగా మాట్లాడితే మాట్లాడనివ్వు, మధ్యలో సంజాయిషీలు వద్దు. ఆ రోజు కూడికకు రమ్మని పిలవకు కూడా; సంఖ్య పెంచుకోవడానికి వచ్చావనుకుంటాడు.

వచ్చే ఆదివారం ప్రభువు బల్లకు ముందే ఆయన దగ్గరికి వెళ్లు, తమ్ముడూ. శనివారం సాయంత్రం మీ ఇద్దరి పేర్లూ ఎత్తి ప్రార్థిస్తూ ఉంటాను. ఏమన్నాడో నాకు రాయి.

ప్రభువునందు,
నీ అన్న